చూడకుండా ఇచ్చిన పేరు

పరీక్షల ఫలితాలు వచ్చిన వారం తిరువూరులో నాకు వార్తల పని తగ్గి ఫోటోల పని పెరిగేది. పిల్ల ఫోటో, తండ్రి పేరు, ఊరు, వచ్చిన ర్యాంకు, సీటు దొరికిన చోటు. కబురంటే ఇంతే. కొందరు మా ఇంటికే తెచ్చి ఇచ్చేవారు. కొందరు బస్టాండు ఎదురుగా ఉన్న టీ కొట్లో పెట్టి పోయేవారు. కొట్టాయన వాటిని బిస్కెట్ల సీసా కింద దాచేవాడు. సాయంత్రం అవన్నీ ఏరుకుని కూర్చుని, ఒక్కోదానికి నాలుగు వాక్యాలు రాసి జిల్లా డెస్కుకు పంపేవాణ్ణి. ఒకే దినపత్రికకు ఇరవై ఆరేళ్ళు ఈ ఊరి విలేకరిగా పనిచేశాను. ఊళ్ళో అందరికీ ‘పేపరు సార్’ని.

ఆ నాలుగు వాక్యాల్లో ‘ప్రతిష్ఠాత్మక’ అనే మాట తప్పకుండా పడేది. ఫలానా ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయంలో సీటు సాధించింది అని. ఏది ప్రతిష్ఠాత్మకం, ఏది కాదు అన్నది నాకెవరూ నేర్పలేదు. చేతికే అలవాటయింది. పాత పెద్ద యూనివర్సిటీలకు ఆ మాట ఎలాగూ పడుతుంది. మా పేపరుకు ఏటా నిండు పేజీ ప్రకటన ఇచ్చే వాటికీ పడుతుంది. మిగతావి ఉత్త కాలేజీలు. డెస్కులో వాళ్ళు నా వార్తల్లో ఎన్నో మాటలు కొట్టేసేవారు గానీ ఈ మాటను మాత్రం ఒక్కసారీ ముట్టుకోలేదు.

పేరుకు విలువ లేదని నేను అనను. దాని మీదే బతికినవాణ్ణి. రాష్ట్రంలో పేరుమోసిన పాత యూనివర్సిటీలో ఎం.ఏ.లో చేరి, రెండో ఏడు సగంలో మానేసి వచ్చాను. అక్కడ నేను విన్న పాఠాల కంటే తాగిన టీలు ఎక్కువ. అయినా ఈ ఊళ్ళో నన్ను ఎవరికైనా పరిచయం చేస్తే, “ఈయన అక్కడ చదివారండీ” అనేవారు. ఎదుటివాళ్ళు కుర్చీ ముందుకు జరిపేవారు. చదవనిదానికి నాకు ఇన్నేళ్ళు కుర్చీలు దొరికాయి. అందుకే పేరుంటే చాలు, మిగతాది దానంతటదే వస్తుందని నమ్మాను. ఆ నమ్మకాన్ని ఒక పిల్ల మీద ప్రయోగించాను.

ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. మా వీధి చివర ఒక కుటుంబం ఉండేది. ఇప్పటికీ ఉంది. ఆయన మామిడి అంట్లు కడతాడు. రెడ్డిగూడెం, విస్సన్నపేట వైపు నర్సరీలవాళ్ళు సీజనులో ఆయన కోసం మనిషిని పంపుతారు. మొలక మీద మంచి చెట్టు పుల్లను చీల్చి నిలబెట్టి, ప్లాస్టిక్ టేపు చుట్టి కడితే, ఆయన కట్టిన వందలో ఎండేవి ఏ నాలుగో అయిదో అని నర్సరీవాళ్ళు చెప్పుకుంటారు. ఆదివారం చర్చికి తెల్లచొక్కా వేసుకుని వెళ్ళేటప్పుడు కూడా ఆయన గోళ్ళలో మామిడి జీడి నలుపు పోదు. ఒక్కతే కూతురు. వేసవి సెలవుల్లో తండ్రితో పాటు నర్సరీకి వెళ్ళి టేపు చుట్టేది. ఇంటర్లో బైపీసీ తీసుకుంది. బాగా చదివేది.

ఒక మధ్యాహ్నం తండ్రీ కూతురూ మా ఇంటికి వచ్చారు. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో రెండు కాగితాలు. ఒకటి ప్రభుత్వ ఉద్యాన కాలేజీలో సీటు. మాకు ఓ పూట ప్రయాణమంత దూరంలో, ఎవరికీ పెద్దగా తెలియని చిన్న ఊళ్ళో ఉంది అది. మామిడి, జామ, కూరగాయలు, పూలు, వీటి చదువు. రెండోది విజయవాడ పరిసరాల్లో కొత్తగా వెలసిన ప్రైవేటు యూనివర్సిటీలో బయోటెక్నాలజీ. రెండింటిలో ఒకటి మూడు రోజుల్లో తేల్చుకోవాలి. ఒకటి పట్టుకుంటే రెండోది పోతుంది.

“ఏమయ్యా, నీ కూతురి మనసులో ఏముంది?” అన్నాను.

“దానికి చెట్లంటేనే ఇష్టం సార్. నేనే వద్దంటున్నా. నేను ఎండలో కూర్చుని అంట్లు కట్టింది చాలదా, చదువుకుని మళ్ళీ అది కూడా అంట్లే కట్టాలా?”

“నాన్నా, అక్కడ చెప్పేది అంట్లు కట్టడం ఒక్కటే కాదు,” అంది పిల్ల.

“నాకు చెప్పకు. కత్తి పట్టుకునేవాడికి తెలుసు కత్తి సంగతి.” ఆయన కవరులోంచి మూడో కాగితం తీశాడు. నాలుగు మడతలు పెట్టిన పేపరు కటింగు. “ఇదిగో సార్, మీరే రాశారుగా. ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయం అని. మీ పేరు కూడా వేశారు కింద. అందుకే మీ దగ్గరికి వచ్చాం.”

కటింగు తీసుకుని చూశాను. నేను రాసిందే. అడ్మిషన్ల రోజుల్లో వేసిన ప్రత్యేక పేజీలో వచ్చింది. అది ప్రకటనో వార్తో చదివేవాళ్ళకు తెలిసే వీలు లేదు. రాసేవాళ్ళకు తెలుసు.

అప్పుడు ఆ పిల్ల అడిగింది. “అంకుల్, అక్కడికి వెళ్ళారా మీరు? చూశారా?”

“చూశాను,” అన్నాను.

నేను చూసింది ఏమిటో ఇక్కడ చెప్పాలి. అంతకు కొన్ని నెలల ముందు ఆ యూనివర్సిటీ వాళ్ళు విజయవాడలో ఒక హోటల్లో ప్రెస్ మీట్ పెట్టారు. మండలాల విలేకరులందరినీ వ్యాన్లలో తీసుకెళ్ళారు. హాలు మధ్యలో ఒక బల్ల మీద యూనివర్సిటీ నమూనా ఉంది. థర్మోకోల్‌తో కట్టిన మేడలు, స్పాంజి చెట్లు, ఆకుపచ్చ గుడ్డతో పచ్చిక. ఒక్కో భవనం మీద చిన్న చీటీ అంటించి ఉంది. గ్రంథాలయం, పరిశోధనశాల, బాలికల వసతి గృహం అని. లోపల బుల్లి బల్బులు పెట్టారు. పరిశోధనశాల కిటికీల్లో దీపాలు వెలుగుతుంటే నేను కూడా వంగి చూశాను, లోపల ఎవరో పనిచేస్తున్నట్టు. తర్వాత భోజనం. తిరిగి వచ్చి, వాళ్ళు ఇచ్చిన కాగితం పక్కన పెట్టుకుని, చూసినట్టే రాశాను. అబద్ధం రాస్తున్నానన్న ఆలోచనే రాలేదు. మా పనిలో ప్రెస్ మీటుకు వెళ్ళడమంటే వెళ్ళి చూడడమే.

కానీ ఆ పిల్ల అడిగినప్పుడు ఆలోచన వచ్చింది. వచ్చినా “చూశాను” అన్నాను. తండ్రి నా మొహంకేసి అంత నమ్మకంగా చూస్తున్నాడు. నేను రాసిన కాగితమే నా చేతిలో ఉంది. కాదంటే ఏమవుతాను?

అక్కడితో ఆగలేదు. “పేరున్న చోట చదివితే అదే దారి చూపిస్తుందమ్మా. ఆ ఉద్యాన కాలేజీ మంచిదే కావచ్చు. రేపు ఎక్కడైనా చెప్పుకుంటే అదెక్కడుంది అంటారు,” అన్నాను.

పిల్ల ఉద్యాన కాలేజీ కాగితాన్ని మడత పెట్టి కవరులో అడుగున పెట్టింది. గుమ్మం దగ్గర తండ్రి వెనక్కి తిరిగి, “ఫోటో తెస్తా సార్, పేపర్లో వేయాలి,” అన్నాడు. వేశాను. నాలుగు వాక్యాలు. ఆ మాటతో సహా.

మరుసటి వేసవిలో ఆయన రసాల బుట్ట కట్టుకుని కూతుర్ని చూడటానికి వెళ్తూ, “మీరూ రండి సార్, మీకు తెలిసిన చోటేగా,” అన్నాడు. తప్పించుకోవడానికి చెప్పిన సాకులేవీ పారలేదు. బస్సులో ఆయన దారి పొడవునా నన్ను అడుగుతూనే ఉన్నాడు. ఎడమ పక్కనా కుడి పక్కనా, లోపలికి ఎంత దూరం నడవాలి, గేటు దగ్గర మన ఫోన్లు తీసుకుంటారా అని. నేను తోచింది చెప్పాను. ఎడమ పక్కన అన్నాను. అది కుడి పక్కన ఉంది.

“మీరు చూసినప్పుడు రోడ్డు వేరేమో సార్,” అని ఆయనే సర్దుకున్నాడు.

గేటు మాత్రం ఘనంగా ఉంది. ఆయన దాని ముందు నిలబడి చేతులు కట్టుకుని నాచేత ఫోటో తీయించుకున్నాడు. లోపల ఒక భవనం పూర్తయింది. రెండోది ఇనుప చువ్వలు ఆకాశంలోకి పెట్టి నిలబడి ఉంది. మిగతాదంతా జొన్న కోసిన చేనులా ఉంది. మమ్మల్ని రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. అక్కడ, గాజు పెట్టెలో, ఆ థర్మోకోల్ నమూనా ఉంది. బల్బులు ఇప్పుడు వెలగడం లేదు. దాని వెనక గోడకు వరసగా పేపరు కటింగులు ఫ్రేములు కట్టి తగిలించారు. పై వరసలో మూడోది నాది.

తండ్రి వేలు పెట్టి చూపించి, “అదిగో సార్, మీ పేరు!” అన్నాడు. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి లేచి నాకు నమస్కారం పెట్టి కాఫీ తెప్పించింది.

పిల్ల మెట్లు దిగి వచ్చింది. సన్నబడింది. తండ్రి బుట్ట విప్పి కాయలు చూపిస్తుంటే ఆ పిల్ల గాజు పెట్టెను చూసి, నన్ను చూసింది. “మీరు చూసినప్పుడు దీపాలు వెలుగుతూ ఉన్నాయా అంకుల్?” అంది. నెమ్మదిగా, తండ్రికి వినపడకుండా. అందులో కోపమైనా ఉంటే బాగుండేది. కాఫీ చేతిలో పట్టుకుని నేను, “ఆఁ” అన్నాను.

తర్వాత తండ్రి అటు తిరిగినప్పుడు, లాబ్ ఎలా ఉందమ్మా అని అడిగాను. మైక్రోస్కోపులు వచ్చాయట, పెట్టెలు ఇంకా విప్పలేదట. వృక్షశాస్త్రం చెప్పే మేడమ్ సంక్రాంతికి వెళ్ళి ఇంక రాలేదట. ఇంకొకాయన వస్తాడంటున్నారట. ఫిర్యాదులా చెప్పలేదు. బస్సు వేళలు చెప్పినట్టు చెప్పింది. నేను ఆ రోజు తిరిగి వచ్చి దీని మీద ఒక్క ముక్క రాయలేదు. ఆ ఏడు కూడా వాళ్ళది నిండు పేజీ ప్రకటన.

మరుసటి ఏడు కరోనా వచ్చింది. బయోటెక్నాలజీ ప్రయోగాలు కూడా ఫోన్లోనే చూపించారు. సిగ్నలు కోసం ఆ పిల్ల డాబా మీద గొడుగు వేసుకుని కూర్చునేది. కరోనా మా అందరికీ ఒక సౌకర్యం ఇచ్చింది. తర్వాత ఏం అడిగినా తండ్రి, “కరోనా లేకపోతేనా సార్!” అనేవాడు. నేనూ అవునయ్యా అనేవాణ్ణి. అది రాకముందు సంగతి ముగ్గురిలో ఇద్దరికి తెలుసు.

డిగ్రీ చేతికి వచ్చాక హైదరాబాదులో రెండు మూడు ఇంటర్వ్యూలకు వెళ్ళింది. మొదటిదాని నుంచి తిరిగి వచ్చిన రోజు బస్టాండులో నాకు ఎదురుపడింది.

“ఎలా జరిగిందమ్మా?”

“బాగానే మాట్లాడారు అంకుల్. యూనివర్సిటీ పేరు చెప్తే, అదెక్కడుంది అన్నారు.”

నేను ఆ ఉద్యాన కాలేజీ గురించి అన్న మాట అది. ఆ పిల్లకు గుర్తుండి అందో, జరిగింది జరిగినట్టు చెప్పిందో నాకు తెలియదు. అడగలేదు.

మా ఊరికి తెలంగాణ సరిహద్దు దగ్గరే. తెల్లవారుజామున వ్యాను మా పేపరు కట్టలు దింపి వెళ్తుంది. సరిహద్దు అవతలి ఊళ్ళకు మా జిల్లా పేజీలు వెళ్ళవు. వాళ్ళకు వాళ్ళ జిల్లా పేజీలు వేరే ఉంటాయి. ఇరవై ఆరేళ్ళు నేను రాసినదంతా సరిహద్దు చెక్‌పోస్టు ఇవతలే చదివారు. నేను ఆ యూనివర్సిటీకి ఇచ్చిన పేరు కూడా అక్కడి దాకానే పనిచేసింది. హైదరాబాదు బస్సు చెక్‌పోస్టు దాటగానే ఆ పిల్ల చేతిలో ఉన్నది ఉత్త కాగితం. పాత యూనివర్సిటీల పేర్లు ఎలా సరిహద్దులు దాటుతాయో అప్పుడు ఆలోచించాను. పేపర్లు మోయవు వాటిని. అక్కడ చదివి వెళ్ళినవాళ్ళు పని చేసి చూపిస్తే, వాళ్ళతో పాటు వెళ్తాయి. అందుకు ఏళ్ళు పడుతుంది. నా నాలుగు వాక్యాలకు పది నిమిషాలు పట్టేది.

ఇప్పుడు ఆ పిల్ల మా ఊళ్ళోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. బాగా చెబుతుందని పేరు. తండ్రికి సంతోషమే. కూతురు ఎండలో కాక నీడలో ఉద్యోగం చేస్తోంది. వాళ్ళ ముందుగదిలో, ప్రభువు పటం పక్కన, నేను వేయించిన సీటు వార్త ఫ్రేము కట్టి ఉంది. ఒకసారి నేను దాన్ని చూస్తూ ఉండిపోతే ఆయన తువ్వాలుతో గాజు తుడిచి, “రంగు పోతోంది సార్. ఇంకో కాపీ దొరుకుతుందా?” అని అడిగాడు.

నేను పేపరు పని మానేసి రెండేళ్ళయింది. మా పేపర్లో తప్పు పడితే సవరణ వేసే పద్ధతి ఉంది. పేరు తప్పుపడితే, వయసు తప్పుపడితే, చనిపోయినవారి ఫోటో బదులు బతికున్నవారిది పడితే, మర్నాడు లోపలి పేజీలో మూడు లైన్లు వేసేవాళ్ళం. చూడనిది చూశానన్నదానికి సవరణ వేసిన గుర్తు నాకు లేదు. ఆ పిల్లతోనైనా చెబుదామని ఎన్నిసార్లో అనుకున్నాను.

ఈ ఏడాది ఫలితాల తర్వాత ఆ పిల్లే మా ఇంటికి వచ్చింది. వెంట ఆ పిల్ల దగ్గర చదివిన అమ్మాయి, ఆ అమ్మాయి తల్లి. తల్లి పత్తి చేలకు కూలికి వెళ్తుంది. అమ్మాయికి ఉద్యాన కాలేజీలో సీటు వచ్చింది. అదే కాలేజీ.

“అంకుల్, వీళ్ళు ఇంతవరకు విజయవాడ దాటలేదు. చేరేలోపు ఒకసారి వెళ్ళి చూసి రావాలంటున్నా. నాకు సెలవు దొరకదు. మీరు తీసుకెళ్తారా?” అని, కాస్త ఆగి, “వెళ్ళి చూడాలి. లోపలికి,” అంది.

తల్లి నన్ను చూసి, “పేపరు సార్ చెబితే చాలదా అమ్మా, మళ్ళీ పోవడం ఎందుకు?” అంది.

“చాలదు పిన్నీ,” అంది ఆ పిల్ల.

మర్నాడు మొదటి బస్సుకే బయలుదేరాం. రెండు బస్సులు, ఒక ఆటో. ఇక్కడ గేటు అంటూ లేదు, రెండు రాతి కూసాల మధ్య మట్టిదారి. బోర్డు మీద సగం అక్షరాలు వెలిసిపోయాయి. హాస్టలు చూశాను. గదికి నలుగురు, ఒక ఫ్యాను తిరగడం లేదు, నీళ్ళు పొద్దున ఒక పూటే వస్తాయని పిల్లలు చెప్పారు. లైబ్రరీలో కుర్చీలు కొన్ని విరిగి ఉన్నాయి. నేను జేబులోంచి పాత నోట్‌బుక్కు తీసి అన్నీ రాసుకున్నాను. చాలా కాలం తర్వాత కళ్ళతో చూసింది రాసుకోవడం అది.

పాఠం చెప్పే మాస్టారెక్కడున్నారంటే తోటలో ఉన్నారన్నారు. వెళ్ళాం. ముందు చెప్పులే కనిపించాయి, మామిడి చెట్టు మొదట్లో. మనిషి పైన ఉన్నాడు. తల నెరిసినవాడే. కొమ్మ మీద కూర్చుని చిగురు ఎందుకు మాడిందో కింద నిలబడిన విద్యార్థులకు ఆకు తిప్పి చూపిస్తున్నాడు. వాళ్ళ పక్కనే ఇద్దరు రైతులు, సంచుల్లో తెగులు పట్టిన రెమ్మలు పట్టుకుని, తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. ఏ ఊరని అడిగితే మాకంటే దూరం నుంచి వచ్చారు. ఇక్కడికే ఎందుకని అడిగాను. “ఇదివరకు మా పక్క తోటాయన వచ్చాడండీ. ఆయన తోట నిలబడింది,” అన్నాడు ఒకాయన.

మాస్టారు దిగి వచ్చి, మాతో వచ్చిన అమ్మాయి చేతికి చిన్న కత్తి ఇచ్చి, “ఈ పుల్లని చీల్చు చూద్దాం,” అన్నాడు. అమ్మాయి భయపడుతూ వంకరగా కోసింది. ఆయన నవ్వి, “నేర్చుకుంటావులే. ఇక్కడికి వచ్చేవాళ్ళలో కత్తి పట్టడం తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు. ఒక్కరు వస్తే బాగుండు అనుకుంటా ఏటా,” అన్నాడు.

ఆ మాట కూడా రాసుకుని నేను నోట్‌బుక్కు మూసేశాను.

సాయంత్రానికి తిరువూరు చేరాం. ఆ పిల్ల కాలేజీ అవగానే వచ్చి బస్టాండు దగ్గరే మా కోసం నిలబడి ఉంది. తల్లీ కూతురూ వాళ్ళ ఊరి ఆటో ఎక్కారు. మేమిద్దరం టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం.

“చెప్పండి అంకుల్.”

“ముందు ఒకటి చెప్పాలమ్మా. ఆ రోజు చూశానన్నాను. నేను చూసింది హోటల్లో బొమ్మని.”

“తెలుసు,” అంది. “రిసెప్షన్‌లో ఆ పెట్టె మీద రాసి ఉంది, ఏ హోటల్లో ఎప్పుడు ఆవిష్కరించారో. వెనక గోడ మీదే మీ కటింగు. నేను చేరిన రోజే చదివా.” తర్వాత గ్లాసు తిప్పుతూ, “నాన్నకి చెప్పకండి,” అంది. తిడితే వినడానికి సిద్ధపడే కూర్చున్నాను.

“ఇవాళ చూసింది చెప్పండి.”

నోట్‌బుక్కు తీసి చెప్పాను. ఫ్యాను సంగతి, ఒక పూట నీళ్ళు, విరిగిన కుర్చీలు. ఆ పిల్ల ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది. నర్సరీ ఎంత పెద్దది, నీడ వల వేశారా, మైక్రోస్కోపులు బయట ఉన్నాయా, పెట్టెల్లో ఉన్నాయా. బయటే ఉన్నాయని, ఒకదానికి కన్ను పెట్టి నేను కూడా చూశానని చెప్పాను. చెట్టు మీది మాస్టారి గురించి చెప్పాను. ఆయన కత్తి గురించి అన్న మాట చెప్పాలా వద్దా అని ఆగాను. నోట్‌బుక్కులో అది రాసి ఉంది. చదివాను.

ఆ పిల్ల తన కుడిచేతి బొటనవేలు చూసుకుంది. చిన్నప్పుడు నర్సరీలో కత్తి తెగిన గీత అక్కడ సన్నగా తెల్లగా ఉంది.

“నిజంగా చెట్టెక్కి చెబుతున్నారా ఆయన?” అంది.

“చూశానమ్మా,” అన్నాను.